తెలిసి వేరు, కావాలని వేరు

మొన్న మంగళవారం మధ్యాహ్నం మా మనవరాలు బడి నుంచి వచ్చి, సంచిలోంచి ఇంగ్లీషు వర్క్‌బుక్కు తీసి నా ఒళ్ళో పెట్టి, అమ్మకి ఆఫీసు కాల్ ఉందట, ఇది నువ్వు చెప్పు అమ్మమ్మా అంటే, కళ్ళద్దాలు తుడుచుకుని ఆ పేజీ చూశాను. పేజీ నిండా రంగుల బొమ్మలు. ఒక పిల్ల బల్ల మీది గ్లాసును వేలితో తోసేస్తోంది, ఇంకొకడు పక్కవాడి కాలు తొక్కుతున్నాడు. వాటి కింద ఒక పెట్టె గీసి అందులో ఐదు మాటలు పేర్చారు: నోయింగ్లీ, ఇంటెన్షనల్లీ, డెలిబరేట్లీ, విల్‌ఫుల్లీ, ఆన్ పర్పస్. ఐదింటికీ కలిపి ఒకే బాణం గుర్తు, దానికి ఒకే ఒక్క హిందీ అర్థం: జాన్‌బూఝ్‌కర్, అంటే కావాలని. ఏ ఖాళీలో ఏ మాట రాసినా తప్పు లేదని, అన్నిటి అర్థం ఒకటేనని టీచరు చెప్పిందట.

నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్ల చేతిలోని పెన్సిలు తీసుకుని ఆ బాణం గుర్తును అడ్డంగా కొట్టేశాను, పిల్ల బిత్తరపోయి వాళ్ళమ్మను పిలుచుకొచ్చింది. మా అమ్మాయి చెవిలోని తీగ పీకి చేత్తో పట్టుకుని, "పుస్తకంలో ఉన్నట్టే రాయనీ అమ్మా, నంబర్లు కట్ అయిపోతాయి దానికి, ఇంత చిన్న మాటకి ఎందుకంత గుస్సా" అంది. దానికి ఏం చెప్పను? ఈ మాటలతో మా ఇంట్లో గొడవ జరిగేనాటికి అది చిన్నపిల్ల, దానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆ ఐదు మాటల మధ్య ఎంత ఎడం ఉందో, ఆ ఎడంలో మా ఇంటి మనిషి ఒకడు ఎలా పడిపోయాడో నాకు తెలుసు. నా వయసువాళ్ళు, ముఖ్యంగా ఆఫీసుల్లో యంత్రం ముందు కూర్చుని ఎవరో చెప్పిన మాటలు కాగితం మీద కొట్టి బతికినవాళ్ళు, ఇది చదివితే నా కోపం అర్థం చేసుకుంటారన్న ఆశతో రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనుల మీద రాయపూర్ వచ్చి స్థిరపడ్డ కుటుంబం. మా నాన్న సర్వీసులో ఉండగానే పోయారు, ఆ ఉద్యోగం అన్నయ్యకిచ్చి నాగ్‌పూర్ వేశారు, క్వార్టరు ఖాళీ చేసి అమ్మా నేనూ మా చిన్నాన్న ఇంటికి చేరాం. చిన్నాన్నకి చదువు లేదు. ఇనుప మిల్లుల్లో హెల్పరుగా చేరి, చూసి చూసి క్రేను నడపడం నేర్చుకున్నవాడు. నాకు డిగ్రీ అయ్యాక టైపూ షార్ట్‌హ్యాండూ నేర్చుకోమని పట్టుబట్టింది ఆయనే. స్టేషను రోడ్డులో ఒక మేడ మీద మా మాస్టారి ఇన్‌స్టిట్యూట్ ఉండేది, క్లాసు అయ్యేదాకా చిన్నాన్న కింద సైకిలు పట్టుకుని పల్లీలు ఒలుచుకుంటూ నిలబడేవాడు. దారిలో నా నోటుబుక్కు అడిగి తీసుకుని, ఆ గీతలూ కొక్కేలూ చూసి, ఇదంతా భాషేనా అమ్మా అని ఆశ్చర్యపోయేవాడు. షార్ట్‌హ్యాండ్‌కి భాషతో పనిలేదు చిన్నాన్నా, శబ్దంతోనే పని, నువ్వు తెలుగులో తిట్టినా ఇందులో ఎక్కుతుంది అంటే పగలబడి నవ్వేవాడు.

మా మాస్టారి సంగతి కూడా ఒక్క మాట చెప్పాలి. రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరయిన తెలుగాయన, చొక్కా పైగుండీ ఎండాకాలంలో కూడా విప్పేవాడు కాదు. స్పీడు కంటే మాట ముఖ్యమనేవాడు. తప్పు అక్షరం పడితే చెరిపి మళ్ళీ కొట్టవచ్చు గానీ తప్పు మాట పడితే అది సంతకమై, స్టాంపై, ఎవరి మెడకో చుట్టుకుంటుందనేవాడు. ఒకరోజు ఈ మాటలే వచ్చాయి. ఆయన బెంచీల మధ్యకి వచ్చి నిలబడి, బస్సులో నువ్వు ఒకడి కాలు తొక్కావనుకో అని మొదలుపెట్టాడు. అక్కడ కాలుందని నీకు తెలియకపోతే అది పొరపాటు. కాలుందని తెలుసు, కానీ వెనకనుంచి తోస్తున్నారు, వేరే చోటు లేదు, అడుగు వేశావు, అది నోయింగ్లీ. వాడికి నొప్పి పుట్టాలనే తొక్కావు, అది ఇంటెన్షనల్లీ, మామూలు మాటల్లో ఆన్ పర్పస్. ముందు రోజే ఆలోచించుకుని, తూచుకుని, తొక్కాలని నిశ్చయించుకుని బస్సెక్కావు, అది డెలిబరేట్లీ. తొక్కొద్దని అందరూ చెప్పినా మొండికేసి తొక్కావు, అది విల్‌ఫుల్లీ. నొప్పి ఐదుసార్లూ ఒకటేనర్రా, మనిషి మాత్రం ఐదుసార్లూ వేరు అన్నాడు. అప్పుడు నవ్వుకున్నాం. ఆ పాఠం నా ప్రాణం మీదికి వస్తుందని నేనెక్కడ అనుకున్నాను.

పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టాక, చిన్నాన్న పనిచేసే ఫ్యాక్టరీలోనే నాకు స్టెనో పని దొరికింది. కొత్త రాష్ట్రం ఏర్పడి మా ఊరు రాజధాని అయిన తొలి సంవత్సరాలవి. వీధికో ప్రభుత్వ బోర్డు లేచింది, అద్దె ఇళ్ళకి గిరాకీ వచ్చింది, బిలాస్‌పూర్ రోడ్డు వైపు ఇనుప ఫ్యాక్టరీలు ఒకదాని తర్వాత ఒకటి మొలిచాయి, డాబా మీద బట్టలు ఆరేస్తే సాయంత్రానికి నల్లటి పొడి దులుపుకోవాల్సి వచ్చేది. నేను పనివాళ్ళ వ్యవహారాలు చూసే పర్సనెల్ ఆఫీసరు గదిలో మూల బల్ల దగ్గర కూర్చునేదాన్ని. చిన్నాన్న రోలింగ్ షెడ్డులో కప్పు కింద పట్టాల మీద నడిచే పెద్ద క్రేను నడిపేవాడు. దాని క్యాబినులోకి ఇనుప నిచ్చెన ఎక్కి వెళ్ళాలి. షెడ్డు మీదుగా క్యాంటీనుకు వెళ్ళేటప్పుడు నేను తలెత్తి చూసేదాన్ని, ఆయన పైనుంచి మోచెయ్యి మాత్రం ఊపేవాడు. చేతులు లివర్ల మీద నుంచి తీయకూడదు కదా.

ఆ ఏడాది ఎండలు ముదురుతున్నప్పుడు ఆ క్రేను బ్రేకు అరిగిపోయింది. బరువు ఎత్తి ఆపితే, ఆగినట్టే ఆగి జానెడు జారేది. చిన్నాన్న ఫోర్‌మన్‌కి చెప్పాడు. ఒకరోజు కాదు, నాలుగు రోజులు వరసగా చెప్పాడు. ఇంట్లో అన్నం తింటూ కూడా అదే మాట. ఫోర్‌మన్ అక్కడే పుట్టి పెరిగినవాడు, చెడ్డవాడు కాదు గానీ పైవాళ్ళంటే వణుకు. "ఆజ్ భర్ చలా లే కాకా, కల్ దేఖ్‌బో" అనేవాడట రోజూ, ఈ ఒక్కరోజుకీ నడిపెయ్, రేపు చూద్దామని. ఐదో రోజు ఇనుప కడ్డీల కట్ట గాలిలో ఉండగా బ్రేకు పూర్తిగా వదిలేసింది. కట్ట వచ్చి కింద కొత్తగా బిగించిన గేరుపెట్టె మీద పడింది. అది పగిలిపోయింది, పక్కనున్న ఫిట్టరు పాదం విరిగింది. చిన్నాన్న నిచ్చెన దిగలేక దిగి, ఆ ఫిట్టరును తన భుజం మీదే ఆఫీసు దాకా మోసుకొచ్చాడు. నేను కిటికీలోంచి చూశాను. ఆ తరవాత ఆ ఫిట్టరు అభన్‌పూర్‌లో ఇంటి దగ్గర మంచం మీదున్న రెండు నెలలూ చిన్నాన్న ప్రతి ఆదివారం బస్సెక్కి వెళ్ళి చూసి వచ్చేవాడు.

మర్నాడు మా ఆఫీసరు చిన్నాన్నను పిలిపించి స్టేట్‌మెంటు తీసుకున్నాడు. హిందీలో అడుగుతున్నాడు, చిన్నాన్న హిందీలో చెబుతున్నాడు, నేను శబ్దం శబ్దంగా నోటుబుక్కులో ఎక్కిస్తున్నాను. చిన్నాన్న చెప్పింది ఇంతే. "మాలూమ్ థా సాబ్, బ్రేక్ ఖరాబ్ హై. చార్ దిన్ సే బోలా. ఫోర్‌మన్ సాబ్ బోలే చలావో, తో చలాయా." బ్రేకు చెడిందని తెలుసు, నాలుగు రోజులుగా చెబుతున్నాను, నడపమన్నారు కాబట్టి నడిపాను. ఆఫీసరు దాన్నే ఇంగ్లీషులో నాకు చెప్పాడు, ఉన్నది ఉన్నట్టుగానే చెప్పాడు, ఆ మాత్రం ధర్మం ఆయనలో ఉంది. నేను టైపు చేసి ఇచ్చాను. ఆ కాగితం పై మేడ మీది మేనేజరు గదికి వెళ్ళింది.

మధ్యాహ్నం ఆ కాగితం తిరిగి వచ్చింది. నాలుగు రోజులు చెప్పానన్న వాక్యం ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. నడపమన్నారన్న వాక్యమూ కొట్టేసి ఉంది. వాటి చోట, పైవాళ్ళెవరికీ తెలియజేయకుండా అని రాసి ఉంది. తెలుసు అన్న మాట పైన గీత గీసి, విల్‌ఫుల్లీ అండ్ డెలిబరేట్లీ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అంటే, మా చిన్నాన్న ముందే ఆలోచించుకుని, మొండికేసి, ఆ చెడిపోయిన క్రేను నడిపి గేరుపెట్టె పగలగొట్టానని తన నోటితో తానే ఒప్పుకుంటున్నాడు. ఎందుకలా మార్చారో తెలుసుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. బ్రేకు గురించి ఎవరో ముందే చెప్పారని కాగితం మీదికి వస్తే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకి మేనేజరు జవాబు చెప్పాలి. ఒక పనివాడు కావాలని చేశాడంటే ఆ పనివాణ్ణి తీసేస్తే సరిపోతుంది.

నేను లేచి ఆఫీసరు దగ్గరికి వెళ్ళి, సార్, ఈ మాట ఆయన అనలేదు కదా అన్నాను. ఆయన నా మొహం చూడలేదు. "టైప్ కర్ దీజియే మేడమ్" అన్నాడు. నేను వచ్చి కూర్చుని టైపు చేశాను. అవును, చేశాను. మా ఆయనకి అప్పటికి నిలకడైన పని లేదు, పిల్లలిద్దరూ బడిలో ఉన్నారు, ఇవన్నీ కారణాలే, కానీ నా పది వేళ్ళూ ఆ మాటను అక్షరం అక్షరంగా కొట్టాయన్నది మాత్రం ఏ కారణంతోనూ చెరిగిపోదు.

ఆ తరవాత జరిగింది ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. చిన్నాన్నను సంతకానికి పిలిచారు. ఆయనకి ఇంగ్లీషు చదవడం రాదు, పేరు మాత్రం హిందీలో రాస్తాడు. ఆఫీసరు కాగితం ముందుకు జరిపితే, చదివి వినిపించమని కూడా అడగలేదు. మూల బల్ల దగ్గరున్న నా వైపు చూసి, ఆఫీసరుతో గర్వంగా, "మా అమ్మాయి కొట్టిన కాయితమే గదా సాబ్, ఇంకేటి చూసేది" అని తెలుగులోనే అని, సంతకం పెట్టేశాడు. నేను తల వంచుకుని కార్బను కాగితాలు సర్దుతున్నాను. ఒక్క మాట, ఆగు చిన్నాన్నా అన్న ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు.

నాలుగు రోజులకి చిన్నాన్న ఇంటికి చార్జిషీటు వచ్చింది. పనిలోకి రావద్దని, ఎంక్వైరీ పెడతామని, ఉద్యోగంలోంచి ఎందుకు తీసెయ్యకూడదో చెప్పమని. సాయంత్రం చిన్నాన్న ఆ కవరు పట్టుకుని మా ఇంటికి రాలేదు, నన్నే వాళ్ళింటికి పిలిపించాడు. పిన్ని బియ్యం ఏరుతోంది. నేను చదివి అర్థం చెప్పాను. ఆ రెండు మాటల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. అదేటమ్మా అని చిన్నాన్న అడిగితే, నువ్వు కావాలని చేశావని ఉంది, నువ్వే ఒప్పుకున్నావని ఉంది అని చెప్పాను.

ఆయన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నెమ్మదిగా అన్నాడు. "తెలుసన్నాను నాను. తెలిసి నడిపినానన్నాను. కావాలని పడేసినానని నానెప్పుడన్నాను? ఆ ఫిట్టరు నా ఎదర పెరిగినోడు గదమ్మా."

పిన్ని చేట పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "మీ చిన్నాన్న సంతకం పెట్టిన కాయితం నువ్వే కొట్టినావా?"

"నేనే పిన్నీ."

ఆవిడ చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. నేను లేచి వస్తుంటే, అన్నం తిని వెళ్ళమ్మా అనే మాట ఆ ఇంట్లో నాకు మొట్టమొదటిసారి వినపడలేదు.

తొమ్మిది రోజులు. ఎంక్వైరీకి తొమ్మిది రోజుల టైముంది. ఆ తొమ్మిది రోజులూ నేను ఆఫీసుకి వెళ్ళాను, ఉత్తరాలు కొట్టాను, టీ తాగాను, షెడ్డులో క్రేను మీద వేరే మనిషి మోచెయ్యి చూశాను. కోపం పెరుగుతూనే వచ్చింది. మొదట మేనేజరు మీద, తరవాత ఆఫీసరు మీద, తరవాత ఆ ఫోర్‌మన్ మీద. అందరి మీదా తిరిగి చివరికి నా దగ్గరికే వచ్చి ఆగింది. వాళ్ళకైనా ఆ మాటల తేడా పట్టలేదేమో, నాకు మాత్రం మాస్టారు బెంచీల మధ్య నిలబడి చెప్పి మరీ నేర్పారు. తేడా తెలిసిన మనిషిని ఆ గదిలో నేనొక్కదాన్నే.

నా నోటుబుక్కు సొరుగులోనే ఉంది. చిన్నాన్న మాటలకి ముందు పేజీలో బొగ్గు సరఫరా గురించిన ఉత్తరం ఉంది, తరవాత పేజీలో క్యాంటీను గ్యాసు గురించిన ఉత్తరం ఉంది, తేదీలున్నాయి. ఆ మధ్యలో పేజీ కొత్తగా ఇరికించడం ఎవరివల్లా కాదు. దాన్ని ఎంక్వైరీలో బయటపెడతానని మా ఆయనకి చెప్పాను. ఆయన "నౌకరీ పోతుంది తెలుసుగా" అన్నాడు. తెలుసన్నాను. "అయితే ఇంక నన్ను అడగడమెందుకు" అని ఊరుకున్నాడు. అంతకన్నా పెద్ద సాయం నాకాయన ఎన్నడూ చెయ్యలేదు.

ఎంక్వైరీకి ఊళ్ళోంచి ఒక ముసలి వకీలును పెట్టారు. మేనేజ్‌మెంటు పెట్టిన మనిషి కనక మేనేజ్‌మెంటు మాటే చెబుతాడని అందరూ అనుకున్నారు. జరిగింది రాసుకోవడానికి నన్నే కూర్చోబెట్టారు, ఇంకో స్టెనోను పెట్టాలన్న ఆలోచన కూడా వాళ్ళకి రాలేదు, అంత ధీమా నా మీద. మాటలన్నీ హిందీలోనే నడిచాయి, గుర్తున్నంతవరకు తెలుగులో చెబుతున్నాను. వకీలు ఆ స్టేట్‌మెంటు చదివి, చెడిందని తెలిసే నడిపావా అని అడిగాడు. చిన్నాన్న చేతులు కట్టుకుని, తెలుసు సాబ్ అన్నాడు. అంటే ఒప్పుకుంటున్నాడు, రాసుకోండి అన్నాడు వకీలు నాతో.

నేను పెన్సిలు కింద పెట్టాను. లేచి నిలబడ్డాను.

"ఈ స్టేట్‌మెంటు ఆయన చెప్పింది కాదు సార్. ఆయన చెప్పింది నా నోటుబుక్కులో ఉంది."

మా ఆఫీసరు కూర్చోండి మేడమ్ అన్నాడు, గట్టిగా కూడా కాదు. వకీలు చెయ్యెత్తి ఆయన్ని ఆపి, ఏముంది అందులో అని నన్నడిగాడు. నేను చదివాను. నువ్వు చదివితే నీ చిన్నాన్న కోసం మార్చి చదవవచ్చు కదా అన్నాడాయన, తప్పు పట్టడానికి లేదు, న్యాయమైన మాటే. అయితే పక్క సెక్షను స్టెనోను పిలవండి అన్నాను. ఆవిడ బెంగాలీ, నాకన్నా పెద్దది, ఎవరి జోలికీ పోని మనిషి. వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని, నా గీతల మీద వేలు పెట్టి, ఒక్కొక్క శబ్దమే కూడబలుక్కుంటూ చదివింది. మాలూమ్ థా సాబ్. చార్ దిన్ సే బోలా. చలావో బోలే, తో చలాయా. బెంగాలీ యాసలో చిన్నాన్న మాటలు ఆ గదిలో మళ్ళీ వినపడుతుంటే ఆయన తలెత్తి ఆవిణ్ణి అలాగే చూస్తూ ఉండిపోయాడు.

వకీలు నా వైపు తిరిగి, తెలుసన్నాక ఇక ఈ మాటకీ ఆ మాటకీ పెద్ద తేడా ఏముందమ్మా అని అడిగాడు. నేను బస్సులో కాలు తొక్కడం గురించి చెప్పాను. వెనకనుంచి తోస్తుంటే అడుగు వేసినవాడు వేరు, నొప్పి పుట్టించడానికి తొక్కినవాడు వేరు సార్, ఈయన్ని వెనకనుంచి నాలుగు రోజులు తోశారు అన్నాను. ఆయన నవ్వలేదు. ఫోర్‌మన్‌ను పిలిపించి, ఈయన నీకు చెప్పాడా లేదా అని ఒక్క ప్రశ్న వేశాడు. ఫోర్‌మన్ ఒక పక్కన కూర్చున్న మేనేజరు వైపు చూసి, నేల చూసి, చివరికి "బోలే రహిస్ సాబ్" అన్నాడు, చెప్పాడు అని. పాపం, అది అనడానికి అతనికెంత గుండె కావాల్సి వచ్చిందో.

నెల తిరిగేసరికి వకీలు రిపోర్టు వచ్చింది. కావాలని చేసినట్టు రుజువు కాలేదని ఉంది. చిన్నాన్న ఉద్యోగం నిలబడింది. కానీ క్రేను మాత్రం మళ్ళీ ఇవ్వలేదు. గేటు దగ్గర కుర్చీ వేసి, వచ్చే పోయే లారీలకి గొలుసు తీసే పనిలో కూర్చోబెట్టారు. పాతికేళ్ళు గాలిలో పనిచేసిన మనిషి, ఎంత బరువునైనా గుడ్డు పెట్టినంత మెత్తగా దింపుతాడని పేరున్న మనిషి, రిటైరయ్యేదాకా దుమ్ములో కూర్చుని గొలుసు లాగాడు. దాన్ని శిక్ష అని ఏ కాగితం మీదా రాయలేదు. మేనేజరుకి ఏమీ కాలేదు. ఇది తలుచుకుంటే ఇన్నేళ్ళ తరవాత కూడా నాకు పళ్ళు బిగుసుకుంటాయి.

ఇక నా సంగతి. ఎంక్వైరీ అయిన మూడోరోజే నా బల్ల మీదికి మెమో వచ్చింది. ఆఫీసు రహస్య పత్రాన్ని డెలిబరేట్లీ బయటపెట్టినందుకు సంజాయిషీ ఇవ్వమని. చదివి నవ్వొచ్చింది. ఈసారి మాట సరిగ్గా వాడారు. యంత్రంలో కాగితం ఎక్కించి నా జవాబు నేనే కొట్టుకున్నాను. అవును, డెలిబరేట్లీ చేశాను, తొమ్మిది రోజులు ఆలోచించి చేశాను అని రెండే ముక్కలు. కింద సంతకం చేసి, దానికి రాజీనామా జతచేసి ఇచ్చాను. ఆఫీసరు అది చదివి, మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

ఆ తరవాత ఇంట్లోనే కాలనీ పిల్లలకి ఇంగ్లీషు చెప్పుకుంటూ, అర్జీలు రాసిపెట్టుకుంటూ బతికాను, బాగానే బతికాను. పిన్ని ఆ నెల తిరక్కుండానే చేపల పులుసు చేసి గిన్నె పంపింది. చిన్నాన్న ఆ సంతకం రోజు గురించి ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు ముల్లయింది. ఆయన రిటైరయ్యాక, మంచాన పడకముందు, ఒక సాయంత్రం వరండాలో ఇద్దరమే ఉన్నప్పుడు నేనే అడిగాను.

"ఆ రోజు నువ్వు సంతకం పెడుతుంటే నేను ఆపలేదు చిన్నాన్నా. నాకన్నీ తెలుసు. తెలిసే ఊరుకున్నాను."

ఆయన పల్లీలు ఒలుస్తున్నాడు. చేతిలోని గింజలు నా చేతిలో పోసి, "భయపడినావు" అన్నాడు. "భయం ఎవులైనా కావాలని పడతారేటమ్మా."

నాకు ఏడుపు వచ్చింది. ఇంగ్లీషు రాని, ఏ భాషా చదువుకోని మనిషి, నా తరఫున అంత సరైన మాట వెతికిపెట్టాడు. ఆయన పోయి ఇప్పటికి కొన్నేళ్ళయింది.

ఇప్పుడు స్టెనోలు లేరు, షార్ట్‌హ్యాండ్ చెప్పే మేడ మీద ఫోన్ల దుకాణం ఉంది. అదంతా పోయినందుకు నాకు పెద్ద బాధ లేదు, పోవలసినవి పోతాయి. బాధ వేరే. పోయిన నెల మా వెనక వీధిలో ఉండే ఒకావిడ, ఆరంగ్ రోడ్డు వైపు ఒక పెద్ద గోదాములో సామాను ప్యాకింగు చేసే మనిషి, ఏడుస్తూ వచ్చి నన్ను అర్జీ రాసిపెట్టమంది. పొద్దున్న పనిలోకి వెళితే గేటు దగ్గరి మిషను ఆవిడ హాజరు కార్డును తీసుకోలేదట. ఏం తప్పు మోపారు, కాగితం చూపించు అన్నాను. కాగితమేమీ లేదంది. చార్జిషీటు లేదు, మెమో లేదు, ఫోనులో మెసేజ్ కూడా లేదు. నాకు పాత కోపం లేచి, ఆవిణ్ణి ఆటోలో ఎక్కించుకుని నేనే అక్కడికి వెళ్ళాను. గేటు దగ్గరున్న గార్డు మర్యాదగానే మాట్లాడాడు, కుర్చీ కూడా వేశాడు. మిషన్లో చూసి, "సిస్టమ్ మే నామ్ నహీ హై మాతాజీ" అన్నాడు, సిస్టమ్‌లో పేరు లేదని. ఎవరు తీసేశారు అని అడిగాను. అతను నిజంగానే ఆలోచించాడు, దాచిపెట్టే మనిషిలా లేడు. "కిసీ నే నహీ. అప్నే ఆప్ హట్ జాతా హై" అన్నాడు. ఎవరూ తీయలేదు, దానంతట అదే పోతుందట.

తిరిగి వచ్చే దారిలో ఆవిడ నన్నే ఓదార్చింది. మా కాలంలో మనిషిని బయటికి తోసెయ్యాలంటే కనీసం ఒక మాట వెతికేవాళ్ళు. అది అబద్ధమే అయినా ఎర్ర సిరాతో రాసేవాళ్ళు, ఎవరి చేతనో కొట్టించేవాళ్ళు, దాన్ని పట్టుకుని ఇది అబద్ధమని నిలబడి చెప్పడానికి ఒక గదీ ఒక బల్లా ఉండేవి. ఆవిడ అర్జీ రాయడానికి ఆ సాయంత్రం కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎవరు చేశారు అన్న చోట ఏం రాయాలో తెలియలేదు. ఆ చోటు ఖాళీగానే ఉంచి, కింద ఆవిడ చేత సంతకం పెట్టించాను. పెట్టించే ముందు, ప్రతి మాటా చదివి వినిపించాను.